నలభైమూడో నంబరు మెట్ల కింద

కాప్‌స్టన్ వీధిలో నలభైమూడో నంబరు ఇల్లు మంచిది కాదని ఇంగ్లండులో మా గ్రిమ్స్‌బీ రేవులో అందరికీ తెలుసు. ఏడేళ్ళలో తొమ్మిది కాపురాలు మారాయి అందులో. పెట్టెలు విప్పకుండానే వెళ్ళిపోయినవాళ్ళు కూడా ఉన్నారు.

అందరూ చెప్పేది ఒకటే. సాయంత్రం పైన స్నానాలగదిలో నీళ్ళ హీటర్ వేస్తారు. కాసేపు బాగానే ఉంటుంది. అప్పుడు... మెట్ల కింద అల్మారాలో టక్కుమని ఒక చిన్న చప్పుడు. ఇల్లంతా చీకటి — లోపల ఎవరో నిలబడి ఆర్పేసినట్టు. వెళ్ళి స్విచ్ ఎత్తి వస్తే పావుగంటకి మళ్ళీ... టక్.

అంతటితో అయిపోదు. తొట్టి దగ్గర కుళాయి పట్టుకుంటే వేళ్ళు గిల్లేది. చచ్చినవాడి గోళ్ళు అనేవాళ్ళు. పూర్వం చేపల పడవ నడిపే ముసలాయన ఒకడు ఆ తొట్టిలోనే పోయాడట. తన తొట్టిలో ఇంకొకళ్ళు దిగితే ఆయనకి గిట్టదట.

ఈ "అట"లన్నీ ఎక్కడ పుట్టాయో నాకు తెలుసు. ఆ ఇంటి యజమాని రోలండ్ గాంట్ నోట్లో. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. అద్దెకున్నవాళ్ళు కరెంటు సంగతి చెబితే నవ్వేవాడు. "పాత ఇల్లు కదమ్మా, పాత దెయ్యం ఉంటుంది. దానికి మీరేం తిండి పెట్టక్కర్లేదుగా." బాగు చేయించడం కన్నా దెయ్యాన్ని పెంచుకోవడం చవక అతనికి.

నేను వాల్టర్‌ని. నలభై ఏళ్ళు కరెంటు పనే చేశాను. అందులో ఇరవై ఆరేళ్ళు సిరిల్ బ్లాంచర్డ్‌తో కలిసి. మా పనిలో ఒక ఆచారం ఉంది. తీగెల మీద చెయ్యి వేసేముందు మెయిన్ స్విచ్ దించి, దానికి ఎవరి తాళం వాళ్ళు వేసుకుని, తాళంచెవి జేబులో పెట్టుకుంటాం. తాళం వేసినవాడే తీయాలి. దేవుడు దిగొచ్చి అడిగినా ఇంకొకడు తీయకూడదు. సిరిల్‌ది ఎర్ర రంగు వేసిన ఇత్తడి తాళం, మీద స్క్రూడ్రైవరుతో గీసుకున్న సి.బి. అన్న అక్షరాలు.

నాలుగేళ్ళ కిందట సిరిల్ పోయాడు. పూడ్చే ముందు అతని భార్య ఐవీ ఆ తాళాన్ని అతని కోటు జేబులో పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. తాళంచెవి మాత్రం తన ఇంటి తాళాల గుత్తిలో ఉంచుకుంది.

ఇక అసలు కథ. మొన్న నవంబరులో టామ్సిన్ అనే అమ్మాయి ఆ ఇంట్లో దిగింది. చేపలు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో పని, మూడేళ్ళ పాప నెల్. అప్పటిదాకా స్నేహితురాలి ఇంట్లో సోఫా మీద పడుకున్నారు తల్లీపిల్లా. ఆ ఇల్లు వదిలేస్తే వాళ్ళకి ఇంకో గూడు లేదు.

అద్దెకిచ్చే ఇంటికి అయిదేళ్ళకోసారి కరెంటు పరీక్ష చేయించాలి. పనొచ్చినవాడు గది గదీ కొలిచి సంతకం పెట్టాలి. ఆ కాగితం కొత్తగా దిగేవాళ్ళ చేతిలో ముందే పెట్టాలి. చట్టం అది. గాంట్ కూడా పెట్టాడు, నున్నటి కొత్త కాగితం. అంతా బాగుందని రాసుంది. కింద పరీక్ష చేసినాయన పేరు, ఫోన్ నంబరు.

దిగిన నాలుగో రోజే పాప, "అమ్మా, కుళాయి కరిచింది" అంది. టామ్సిన్ ఆ నంబరుకి ఫోన్ చేసింది.

"బ్లాంచర్డ్ గారిల్లేనా అండీ? మూడు వారాల కిందట మా ఇంటికొచ్చి కరెంటు చూశారట. మా పాపకి షాక్ కొడుతోంది. ఓసారి మళ్ళీ రమ్మని చెబుతారా?"

ఐవీ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"ఏ ఇల్లు తల్లీ?"

"కాప్‌స్టన్ వీధి, నలభైమూడండీ."

"ఆయన పోయి నాలుగేళ్ళయిందమ్మా."

టామ్సిన్ గుసగుసగా — "మరి... వచ్చిందెవరండీ?"

ఆ సాయంత్రమే ఐవీ కోటు వేసుకుని బయల్దేరింది. నాలుగున్నరకే చీకటి, రేవు మీంచి పొగమంచు. ఇక్కణ్ణించి కొంతసేపు ఐవీ నాకు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

కాగితం చూడగానే ఆవిడకి అర్థమైపోయింది. సంతకం సిరిల్‌దే. ఏ పాత కాగితం మీదనుంచో ఎత్తి దీనికి అతికించారు. పైన కొలతలన్నీ ఒకే అంకె — వంటగదికీ అదే, మెట్లకీ అదే, స్నానాలగదికీ అదే. సిరిల్ ఒక్కో గదిలో మోకాళ్ళ మీద పాకి కొలిచేవాడు, రెండు గదులకి ఒకే అంకె రాసి ఎరగడు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. గాంట్‌కి కళ్ళు అక్కర్లేదు, చచ్చినవాడి చేయి కావలసి వచ్చింది.

"శవాల మీద పేలాలు ఏరుకుంటున్నాడు, ఛీ" అంది ఐవీ. ఆ కాగితం పట్టుకున్న వేళ్ళు కడుక్కోవాలనిపించిందట.

"ఆంటీ, కోప్పడకండి. మధ్యాహ్నం గాంట్ గారు ఎవర్నో పంపారు" అంది టామ్సిన్. "మెట్ల కింద పది నిమిషాలు ఏదో చేశాడు. ఇక మీ దెయ్యం దీపాలార్పదు, కుళాయి కరవదు, పాపకి హాయిగా స్నానం చేయించు అన్నాడు. హీటర్ వేసి గంటైంది, నిజంగానే ఆరలేదు."

"ఏం చేశాడమ్మా అక్కడ?"

"నాకేం తెలుసు ఆంటీ. ఒక్క నిమిషం, నీళ్ళు నిండినట్టున్నాయి. పాపకి పోసి వస్తా."

పైన నెల్ తువ్వాలు చుట్టుకుని బొమ్మ బాతుతో నిలబడి ఉంది. టామ్సిన్ మెట్లెక్కింది. ఐవీ అల్మారా పక్కన ఒంటరిగా ఉంది. పైన నీళ్ళు పడుతున్న చప్పుడు... "రా బంగారం, కాలు పెట్టు" అన్న మాట... పాప నవ్వు...

ఠక్!

ఇల్లంతా చీకటి.

అందరూ చెప్పే ఆ చిన్న టక్కు కాదట అది. బరువుగా, మొరటుగా ఉందట. దాని వెనకే ఇంకో చప్పుడు — క్లిక్. ఇరవై ఆరేళ్ళు మా ఇద్దరికీ అన్నం డబ్బాలు తెచ్చిన మనిషికి ఆ క్లిక్ ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు.

"పాపని నీళ్ళలో దించకు" అంది ఐవీ. "దేన్నీ ముట్టుకోకు. పిల్లనెత్తుకుని కిందికి వచ్చేయ్." తర్వాత నాకు ఫోన్ చేసింది.

మా ఇల్లు రెండు వీధుల అవతల. టార్చి, మీటర్ పట్టుకుని వెళ్ళేసరికి ముగ్గురూ హాల్లో ఒకే దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నారు. అల్మారా తెరిచి కరెంటు పెట్టెలోకి వెలుతురు కొట్టాను. చూడగానే ఉమ్మేయాలనిపించింది.

ఏడేళ్ళ దెయ్యం ఏమిటో అక్కడ తెలిసిపోయింది. అది ట్రిప్ స్విచ్. కరెంటు ఎక్కడ కారినా టక్కున పడిపోయి మనిషిని కాపాడేది. ఆ ఇంట్లో నిజాయితీగా పని చేసింది బొటనవేలంత ఆ స్విచ్ ఒక్కటే. గాంట్ పంపిన ఘనుడు మధ్యాహ్నం దాన్ని పీకేసి, ఆ చోట ముక్క తీగె పెట్టి కలిపేశాడు. దీపాలారుతున్నాయని ఫిర్యాదు కదా, ఇక ఆరవు. లోపల పిల్ల ఆరిపోయినా దీపాలు ఆరవు.

"మెయిన్ దించి మంచి పని చేశావు ఐవీ" అన్నాను.

"నేను అల్మారా తలుపే తీయలేదు వాల్టర్."

"టామ్సిన్ దించిందా?"

"తను పైన ఉంది."

మెయిన్ స్విచ్ దానంతటది పడదు. అదొక పిడి, అంతే. ఎవరో పట్టుకుని లాగితేనే దిగుతుంది. సరేలే, ముందు పని చూద్దామని ఆచారం ప్రకారం నా తాళం తీసి దానికి వేయబోయాను.

నా తాళానికి చోటు లేదు.

ఎర్ర తాళం వేలాడుతోంది అక్కడ. టార్చి దగ్గరికి పెట్టాను. సి.బి. అల్మారా గోడలు చెమ్మతో చల్లగా ఉన్నాయి, తాళం మాత్రం వెచ్చగా ఉంది... అప్పుడే జేబులోంచి తీసినట్టు.

ఐవీకి చూపించాను. అక్షరాల మీద బొటనవేలితో ఒకసారి తడిమింది.

పైకి వెళ్ళి చూశాను. హీటర్ తీగె కాలిపోయి నీళ్ళ గొట్టానికి అంటుకుపోయింది. ఎర్త్ తీగె తెగి వేలాడుతోంది. పాత ఇనుప తొట్టి, నిండా నీళ్ళు, పైన తేలుతున్న బాతు. పాప ఒక కాలు తొట్టి అంచు దాటించిందట అప్పటికి. నేను తొట్టి పక్కన కాసేపు కూర్చుండిపోయాను.

ఈలోగా టామ్సిన్ ఫోనందుకుని గాంట్ వచ్చాడు, చేతిలో చిప్స్ పొట్లంతో సహా. మూతికంటిన నూనె తుడుచుకోకుండానే అల్మారాలోకి చూసి అరిచాడు.

"ఎవరండీ నా ఇంట్లో తాళం వేసింది? ఎవడిచ్చాడు హక్కు? తీయండి."

ఐవీ ఆ నున్నటి కాగితం విప్పి అతని ముక్కు కింద పెట్టింది.

"ఈయన వేశాడు గాంట్ గారూ. మీ ఇంటికొచ్చి చూశాడని మీరే రాయించారుగా. వచ్చాడు."

గాంట్ కాగితం చూశాడు, తాళం చూశాడు. తాళం మీద చెయ్యి వేసి, వేసినంత వేగంగా వెనక్కి తీసుకుని వేళ్ళు కోటుకి రుద్దుకున్నాడు.

"చెవేది?" అన్నాడు.

"నా దగ్గరుంది. కానీ వేసినవాడే తీయాలి. పనయ్యేదాకా ఆయన ఇక్కణ్ణించి కదలడు." ఐవీ గుత్తి సంచిలో వేసుకుంది. గాంట్ చిప్స్ పొట్లం అక్కడే వదిలేసి వెళ్ళాడు.

తల్లీపిల్లా ఐవీ ఇంట్లో ఉన్నారు. మర్నాడు ఊరి కౌన్సిల్ మనుషులొచ్చి, కాగితం, ముక్క తీగె పట్టుకుపోయి, వాళ్ళ ఉత్తర్వు మీద నన్నే బాగు చేయమన్నారు. రెండు రోజులు ఆ ఇంట్లో ఒంటరిగా, నా తాళం లేకుండా పని చేశాను. భయం వేయలేదు. రెండో రోజు సాయంత్రం చివరి స్క్రూ బిగించి, ఎర్ర తాళం అలాగే వేలాడుతుంటే అల్మారా తలుపు వేసి, మెయిన్ ఎత్తడానికి పొద్దున్నే తాళంచెవి తీసుకురమ్మని ఐవీకి చెప్పాను.

పొద్దున ఇద్దరం కలిసి అల్మారా తెరిచాం. చెవి ఐవీ చేతిలో ఉంది.

మెయిన్‌కి తాళం లేదు.