జుమ్మా వేళ అమానత్

గురువారం నైఫ్ బజారులోని ఓ లాడ్జి గదిలో ఇన్‌ఫార్మర్ అనీష్ శవం దొరికింది. మెడ మీద సూది గుచ్చిన గుర్తు తప్ప ఒంటి మీద గాయం లేదు. చెప్పు అడుగున దాచిన చీటీ మర్నాటి మధ్యాహ్నానికి గాని బయటపడలేదు. అందులో ఒకే వాక్యం ఉంది: "ఫుజైరాలో రెండు సంతకాలూ పడ్డాయి."

శుక్రవారం జుమ్మా నమాజు ముగిసే వేళకు కూడా ఆ సంగతి షాహబాజ్‌కు తెలియదు. అతని ఫోను మాహిరా దగ్గరుంది మరి!

ఏజెంట్ 41 షాహబాజ్‌ది నెల్లూరు. ఏడాదిగా ఫుజైరా రేవు పక్కనున్న ఆయిల్ టెర్మినల్‌లో కంప్యూటర్ ఇంజినీరు వేషం. ఓ విదేశీ ముఠా అక్కడి ట్యాంకులను తగలబెట్టాలని చూస్తోందని ఢిల్లీకి ఉప్పందింది. అక్కడి పోలీసులకు చెప్పే అతన్ని పంపారు. వచ్చీ రాగానే అతను వాల్వులను నడిపే పాత సాఫ్ట్‌వేర్‌ను పీకి పారేశాడు. అదో మూసిన పెట్టె, లోపలేముందో కొన్నవాడికి కూడా తెలియదు. దాని స్థానంలో లినక్స్ పెట్టాడు. ప్రతి లైనూ చదువుకోవచ్చు, ఎవరేం మార్చినా పేరూ టైమూ పడతాయి. పైగా ఒక్కరి చేత్తో ఏ మార్పూ జరగదు. పెన్‌డ్రైవ్ లాంటి రెండు సెక్యూరిటీ కీలు గుచ్చాలి. ఒకటి అతనిది, రెండోది మాహిరాది.

మాహిరా హైదరాబాదీ, అదే కంట్రోల్ రూమ్‌లో ఉద్యోగం. నల్ల కళ్లజోడు, ఊద్ అత్తరు, చూస్తే చూపు తిప్పుకోలేని మనిషి. ముఠా లెక్కలో ముఠా మనిషి, మన లెక్కలో మన మనిషి. డబుల్ ఏజెంట్ అన్నమాట. షాహబాజ్ లెక్క వేరు. రెండు నెలల్లో నిఖా. అతని తల్లి జమీలాబీ పంపిన ఆకుపచ్చ గాజులు అప్పుడే ఆమె చేతికెక్కాయి.

జేబులో కీ ఉంటే నుదురు నేలకానించే సజ్దాలో తొడకు గుచ్చుకుంటుంది. అందుకని ప్రతి శుక్రవారం కాళ్లూ చేతులూ కడుక్కునే వజూకు ముందు వాచీ, ఫోను, కీ తీసి ఆమె చేతిలో పెట్టి, "అమానత్" అనేవాడు. నమ్మి అప్పగించిన సొత్తు అని. "జాన్ సే జ్యాదా", ప్రాణం కన్నా ఎక్కువ, అని ఆమె నవ్వేది. కట్టుకోబోయే పిల్ల చేతిలో పెట్టిన అమానత్‌ను ఎవరైనా అనుమానిస్తారా, పిచ్చి కాకపోతే!

ఆ రోజు నమాజు నుంచి టెర్మినల్‌కు వచ్చి ఫోను తిరిగి తీసుకోగానే పదకొండు మిస్డ్ కాల్స్ కనిపించాయి. కారిడార్‌లోకి వెళ్లి చీఫ్ కౌశిక్‌కు చేశాడు.

"బిర్యానీ ఎలా ఉంది?"

"దమ్ మీదుంది సార్."

"ఉప్పు ఎక్కువైంది, ఫార్టీ వన్." సిస్టమ్‌లో విషం కలిసిందని దానర్థం. "అనీష్ పోయాడు. రెండు సంతకాలూ పడ్డాయని రాసిపెట్టి పోయాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టాలి."

అతను కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టేసరికి రేడియో గరగరలాడింది.

"షాహబాజ్ సార్! ఏడో ట్యాంకు మీదున్న, భూమేశ్‌ను." ఆ జగిత్యాల మనిషి ఇరవై ఏళ్లుగా ట్యాంకుల్లోకి టేపు దించి లోతు కొలుస్తున్నాడు. "టేపు పదహారు మీటర్లు సూపెడ్తుంది. గింత నిండినంక గూడ ఓడలోంచి నూనె ఎక్కుతనే ఉందేంది?"

స్క్రీన్ మీద తొమ్మిది మీటర్లే ఉంది. పదిహేడు దాటితే పెట్రోలులా మండే నాఫ్తా పొంగుతుంది. పొంగితే ఒక్క నిప్పురవ్వ చాలు. షాహబాజ్ స్టాప్ కొట్టాడు. వాల్వు కదల్లేదు. రేడియోలో ఓడను పిలిచాడు. పలికితే ఒట్టు, అదీ ముఠా ఓడే. చేత్తో తిప్పి మూయాలంటే ఇరవై నిమిషాలు. ఉన్నవి ఆరు.

"దిగిపో, భూమేశ్!"

"వాసనకు కండ్లు తిరుగుతున్నయ్ సార్. మెట్లు కనవడ్తలేవు."

మార్పుల చిట్టా తెరిచాడు. చివరి మార్పు పోయిన శుక్రవారం ఒంటిగంటా ఇరవై రెండుకు. ఈ శుక్రవారం జుమ్మా వేళకు పనిచేసేలా పెట్టి ఉంది. మొదటి సంతకం మాహిరా. రెండోది షాహబాజ్. ఆ టైముకు అతను మసీదులో, రెండో వరుసలో ఉన్నాడు.

అతను వెనక్కి తిరిగాడు. మాహిరా గోడకానుకుని నిలబడి ఉంది. కళ్లజోడు తీసేసింది.

"ట్యాంకా, నీ మనిషా, ఏది కావాల్నో చెప్పమన్నరు ముఠావాళ్లు," అంది. "నీ ఫోటో చూపెట్టిన్రు, షాహబాజ్. నువ్వు పండుకున్న ఫోటో. నేనేం చేస్త?"

"నాకు చెప్పొచ్చు కదా!"

"చెప్తే నువ్వు ఊకుంటవా? ఎదురుపోతవు, చచ్చిపోతవు." ఆమె స్క్రీన్ మీది చిట్టా వైపు చూసింది. "టైము చూసే పెట్టిన. జుమ్మాకు అందరు మసీదుల ఉంటరు, ట్యాంకు మీద ఎవ్వరు ఉండరనుకున్న."

"భూమేశ్ జుమ్మాకు పోడు, మాహిరా."

ఆ మార్పుకు ముందున్న ప్రోగ్రామ్ చిట్టాలో చెక్కుచెదరకుండా ఉంది. మూసిన పెట్టె అయితే అమ్మినవాడు విమానం దిగేదాకా దిక్కులు చూడాల్సిందే. ఇక్కడ వెనక్కి తిప్పడానికి రెండు కీలు చాలు. షాహబాజ్ తనది గుచ్చాడు. రెండో సాకెట్ ఖాళీగా ఉంది.

"ఇది పెడితే వాళ్లు నిన్ను వదలరు," అంది మాహిరా తన కీ చూపిస్తూ.

"తెలుసు. పెట్టు."

గాజులు గలగలలాడాయి. కీ దిగింది. స్క్రీన్ మీద తొమ్మిది చెరిగిపోయి 16.94 వచ్చింది. వాల్వు మూలుగుతూ మూసుకుంది.

చాలాసేపటికి రేడియో పలికింది. "ఆగింది సార్... నేను బతికే ఉన్న."

షాహబాజ్ ఏడ్చేశాడు. భూమేశ్ కోసమే అనుకోమన్నట్టు ముఖం తిప్పుకున్నాడు గాని ఆమెకు తెలుసు. పోలీసులు తీసుకెళ్లడానికి రాకముందే ఆమె గాజులు ఒక్కొక్కటే తీసి అతని అరచేతిలో పెట్టింది.

"అమానత్," అంది.

సాయంత్రానికల్లా ఓడ పట్టుబడింది. ఫోటో తీసినవాళ్లూ అందులోనే దొరికారు.

తర్వాతి శుక్రవారం మసీదు మెట్ల దగ్గర కౌశిక్ ఫోను.

"మంచి పని చేశావ్, ఫార్టీ వన్. కొత్త రూల్ పెడుతున్నాం. కీ ఎవరి చేతికీ ఇవ్వకూడదు."

"ఆ రూల్ ముందు నుంచే ఉంది సార్. రాసింది నేనే."

వాచీ, ఫోను, కీ జేబులోనే వేసుకుని లోపలికి వెళ్లాడు. సజ్దాలో తొడకు కీతో పాటు గాజులు కూడా గుచ్చుకున్నాయి.