ఎడమ దవడలో తెల్లమచ్చ

గాజు గ్లాసును తువ్వాలులో చుట్టి, సంచిలో పెట్టి, ఆ సంచిని ఒళ్లో పట్టుకుని కూర్చుంది ఆ తల్లి. గ్లాసు అడుగున కొడుకు తాగగా మిగిలిన పాలచుక్కలున్నాయి.

"మా కోడలు వాడికి విషం పెడుతోందమ్మా," అంది.

ఎదురుగా ఉన్నావిడ పొద్దుటిపూట పళ్ల డాక్టరు, సాయంత్రంపూట ప్రైవేటు డిటెక్టివ్. రెండు పనులకూ ఒకటే గది, ఒకటే కుర్చీ. "ఆ కుర్చీలో మా మేడం ముందు అబద్ధమాడి గెలిచినవాడు లేడు," అని అసిస్టెంటు గుమ్మంలోనే చెప్పి ఆమెను మరింత హడలగొట్టాడు.

"విషమని ఎందుకనుకుంటున్నారు?"

"నోట్లో తెల్లటి పుండు. తిండి సగం వదిలేస్తున్నాడు. ఇవిగో, దాని సొరుగులో దొరికాయి." గుప్పెడు ఖాళీ మాత్రల అట్టలు బల్లమీద పోసింది. "తలనొప్పి మాత్రలట. మా ఇంట్లో ఆ అలవాటే లేదు. పేగులు పుండుపడతాయని వాడిని చిన్నప్పట్నుంచీ మాత్ర మింగనివ్వలేదు నేను."

డిటెక్టివ్ ఒక అట్టను తిప్పి చూసింది. "రేపు ముగ్గురూ రండి. గ్లాసు కడిగేసుకోండి."

మర్నాడు కొడుకు కుర్చీలో వెనక్కి వాలాడు. పైన దీపం వెలిగింది. డిటెక్టివ్ ముందు మెడ, దవడ కింద వేళ్లతో తడిమింది. పెదవులు తిప్పి చూసింది. చిన్న అద్దంతో బుగ్గలు పక్కకి లాగింది. నాలుకను మెత్తటి గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, దాని కింద, అంగిట్లో, గొంతు మొదట్లో, ఎక్కడా తొందరపడకుండా వెతికింది. తల్లి మెడ సాచి చూస్తోంది. తను కని, పాలిచ్చి పెంచిన నోట్లో ఇన్ని మూలలున్నాయని ఆమెకు ఇన్నాళ్లూ తెలీదు. ఆ వెలుగులో అది గర్భగుడిలా కనిపించింది.

"పాలు ఎవరు కలుపుతారు?" డిటెక్టివ్ తలెత్తకుండానే అడిగింది.

"నేనే," అంది కోడలు. "అత్తయ్య రెండు గుక్కలు తాగి చూశాకే ఆయనకిస్తాను."

"అమ్మగారూ, మీకేమీ కాలేదా?"

"నాకేమైతేనేం లెండి."

"మరి మాత్రలు?"

"నా తలనొప్పికి కొన్నవే. కొన్నవి కొన్నట్టే మాయమై, ఖాళీ అట్టలే మిగులుతుంటే అత్తయ్య పారేస్తున్నారనుకున్నా."

డిటెక్టివ్ అద్దం పిడితో ఎడమవైపు కింది దవడపన్ను మీద చిన్నగా తట్టింది. కొడుకు కుర్చీలోంచి లేచినంత పని చేశాడు.

ఆవిడ చేతి తొడుగులు తీసి అందర్నీ దగ్గరికి పిలిచింది.

"తాగిన విషం నోరంతా తాకుతుంది. ఇక్కడ ఒక్క పన్ను పక్కనే, మాత్ర వెడల్పున కాలింది. తుడిస్తే తెల్లపొర ఊడి వచ్చింది, అడుగున ఎర్రగా ఉంది. తుడిచినా రాని తెలుపైతే కేన్సరేమోనని నేనూ భయపడేదాన్ని. ఈ పన్ను పుచ్చిపోయింది. నొప్పి తట్టుకోలేక ఈయన భార్య సొరుగులోంచి మాత్రలు తీశాడు. కానీ మింగలేదు, మింగితే పేగులు పుండుపడతాయిగా. పన్ను పక్కన దవడలో దాచుకున్నాడు. అది కరిగి చర్మాన్ని కాల్చింది."

అసిస్టెంటు నోరు తెరిచాడు, మూయడం మర్చిపోయాడు.

"పన్ను నొప్పని చెప్పచ్చు కదరా," అంది తల్లి.

"చెబితే నువ్వు పడుకుంటావా అమ్మా? చిన్నప్పుడు నా చిగుళ్లు వాస్తే వారం రోజులు నా పక్కనే కూర్చున్నావు."

తల్లి కోడలివైపు చూడబోయి చూడలేక నేలచూపులు చూసింది.

"పన్నుకు రేపు వైద్యం మొదలెడతాను," అంది డిటెక్టివ్. "మచ్చ రెండు వారాల్లో మానాలి. మానకపోతే ముక్క తీసి పరీక్షకు పంపుతాను. ఈ రాత్రికి ఇది."

ఆవిడ ఒక మాత్ర, నీళ్ల గ్లాసు ముందుకు జరిపింది. తల్లి చెయ్యి వాటిని ఆపడానికే లేచింది. సగంలో ఆగింది. తర్వాత గ్లాసు తీసుకుని కోడలి చేతిలో పెట్టింది.

"నువ్వే ఇవ్వమ్మా. ఈసారి నేను రుచి చూడను."

కొడుకు గొంతు ఒక్కసారి కదిలి, మాత్ర లోపలికి దిగిపోయింది. లోకంలో ఇంకెవరూ ఎన్నడూ మాత్ర మింగనట్టు కళ్లార్పకుండా చూసింది తల్లి.