చంద్రికి కుదిరిన సంబంధం

భివండిలో ధామన్కర్ నాకా కూడలి నడిమధ్యన ఒక తెల్ల గుర్రం నిలబడిపోయింది.

వాన సన్నగా మొదలైంది. ఆటోలు, బైకులు, నీళ్ళ ట్యాంకరు ఒకటి, అన్నీ దాని చుట్టూ చిక్కుకున్నాయి. గుర్రం మాత్రం కదల్లేదు. దాని పక్కన ఆకుపచ్చ చుడీదార్ వేసుకున్న అమ్మాయి ఒక చేత్తో తాడు పట్టుకుని, ఇంకో చేత్తో మెడ నిమురుతూ చెవిలో ఏదో చెబుతోంది. తాను తడుస్తున్నానన్న ధ్యాసే లేదు ఆమెకు.

భూషణ్ టెంపో సరిగ్గా వెనకే ఆగింది. అతను హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

ఆ అమ్మాయి గిర్రున వెనక్కి తిరిగింది. "భాయ్‌సాబ్, హారన్ బంద్ కరో! ఘోడీ డర్తీ హై!" గుర్రం బెదురుతోంది, హారన్ ఆపమని.

"తో ఘర్ మే రఖో నా!" అన్నాడు భూషణ్, తల బయటపెట్టి. అయితే ఇంట్లోనే ఉంచుకోమని.

ఆమె మళ్ళీ గుర్రం వైపు తిరిగి, గొంతు పూర్తిగా మార్చేసి, "ఏం గాదు బిడ్డా. గాయన నోరే గంత. నువ్వు నడువు" అంది.

భూషణ్ చెంపలు వేడెక్కాయి. తెలుగులో తిట్లు తినడం అతనికి కొత్తేమీ కాదు, ఇంట్లో అమ్మ రోజూ పెడుతూనే ఉంటుంది. కానీ ఇంత మెత్తగా, గుర్రంతో చెప్పి తిట్టడం ఇదే మొదటిసారి. టెంపో దిగాడు.

"మీరు తెలుగోళ్లా?"

"గుర్రం గూడ తెలుగుదే. హిందీల జెప్తే వినదు."

"గుర్రం మీద ఎక్కి పోవాలె గాని, గిట్ల నడిపించుకుంట పోతరా ఎవలన్న?"

"దీనికి ఎడమ కన్ను కనవడదు. అటు దిక్కు హారన్ మోగితే ఏమొచ్చి మీద పడ్తదో అని ఆగిపోతది. మీకైతే రెండు కండ్లున్నయ్ గదా, జర చూడుండ్రి."

భూషణ్ చూశాడు. గుర్రం కన్ను మీద పాలపొరలాంటి తెలుపు. ఆ పక్కన అమ్మాయి కళ్ళు మాత్రం నిండా నలుపు, నిండా కోపం. వెళ్ళి టెంపోను ముందుకు నడిపి, గుర్రానికి ఎడమ పక్క రోడ్డుకు అడ్డంగా ఆపేశాడు. నాకాలో ఉన్న తిట్లన్నీ ఇప్పుడు అతని మీదికి వచ్చాయి. ఆ పక్క బండ్లన్నీ ఆగాయి. గుర్రం ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది.

రోడ్డు దాటాక ఆమె ఆగింది. థాంక్స్ చెబుతుందనుకున్నాడు.

"టెంపో కిరాయికిస్తరా?"

"దేనికి?"

"గుర్రాలకు. నాలుగున్నయ్. తొందర్ల ఒక్కటి గూడ ఉండద్దు."

ఆ మాట అంటూ ఆమె వాన వైపు చూసింది, అతని వైపు కాదు.

*

ఆమె పేరు రిబ్కా. పగలు ఒక పశువుల డాక్టరు దగ్గర పని చేస్తుంది. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి యాకోబు మరమగ్గాల మీద పని చేస్తాడు. కొన్నేళ్ళ కిందట పెళ్ళిళ్ళ సీజన్ అయిపోయాక, పెళ్ళి ఊరేగింపు బారాత్‌లో తిరిగి కుంటుపడ్డ ఒక గుర్రాన్ని ఎవరో బైపాస్ పక్కన వదిలేసిపోతే రిబ్కా ఇంటికి తోలుకొచ్చింది. తర్వాత ఇంకొకటి వచ్చింది, ఆ తర్వాత ఇంకొకటి. శాంతి నగర్ చివర్లో శాంతాబాయి అనే ముసలామె తన పాత రేకుల గోడౌన్ వాడుకొమ్మంది. చుట్టుపక్కల మరమగ్గాల సేట్లు నెలనెలా తవుడు పంపేవాళ్ళు. అలా నడిచిపోయింది.

ఈ ఏడు నూలు ధర పెరిగింది, నేసిన గుడ్డ కదల్లేదు. శాంతి నగర్ గల్లీల్లో మగ్గాల చప్పుడు ఒక్కొక్క షెడ్డులో ఆగిపోతూ వచ్చింది. తవుడు రావడం మానేసింది. యాకోబుకి వారంలో సగం రోజులే పని. బారాతులు తగ్గి గుర్రాలవాళ్ళు కూడా దెబ్బతిన్నారు. గడ్డి దొరకని రోజుల్లోనే గేటు ముందు కొత్త గుర్రాల్ని తెచ్చి నిలబెట్టేవాళ్ళు ఎక్కువయ్యారు. కాదని చెప్పి తిప్పి పంపిన రోజు రిబ్కా అన్నం తినేది కాదు. చివరికి ఉన్న నాలుగింటినీ మంచి ఇళ్ళు చూసి ఇచ్చేద్దామనుకుంది.

భూషణ్ టెంపో మరమగ్గాల షెడ్ల నుంచి గుడ్డ మోసే బండి. అదీ ఖాళీగానే ఉంది. డీజిల్ పోయిస్తే చాలన్నాడు.

"గింత పానం పెట్టుకున్నవ్, ఎట్ల ఇచ్చేస్తవ్ వీటిని?" అని అడిగాడు మొదటి రోజు. అప్పటికే 'మీరు' జారిపోయి 'నువ్వు' వచ్చేసింది, ఇద్దరూ గమనించలేదు.

"పానం పెట్టుకున్న గాబట్టే. ఆకలి మీద ఉంచుకోని, కాపాడిన అని ఎట్ల చెప్పుకోవాలె?"

భూషణ్ ఆ సాయంత్రం కూర్చుని, బాగా చూసుకునేవాళ్ళకి గుర్రాల్ని ఇస్తామని ఒక పోస్టరు చేశాడు. పగలంతా రిబ్కా క్లినిక్‌లో ఫోన్ ఎత్తడం కుదరదు కాబట్టి కింద తన నంబరే వేశాడు.

*

బాద్షా అనే గోధుమరంగు గుర్రం ముందు వెళ్ళింది, వాడా అనే ఊరి దగ్గర ఒక తోటకి.

టెంపో అడుగున జారకుండా భూషణ్ మెత్తగా చిందీ గుడ్డ పీలికలు పరిచాడు. దారి పొడవునా వాన. అద్దం మీద నీళ్ళు, నీళ్ళవతల కొండలు, కొండల మీద మబ్బులు. ఏది కొండో ఏది మబ్బో తెలియని పచ్చదనం. వెనక కిటికీలోంచి బాద్షా వెచ్చటి ఊపిరి ఇద్దరి మెడల మీదా తగులుతోంది. ఈ రోడ్డు ఇలాగే సాగిపోతే బాగుండు అనిపించింది భూషణ్‌కి. ఎక్కడికీ చేరకుండా.

తిరుగు దారిలో వెనక ఊపిరి లేదు. రిబ్కా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"ఏడుస్తున్నవా?"

"వాన."

"వాన బయట గదా."

"నీ టెంపో కారుతుంది."

భూషణ్ పైకి చూశాడు. టాపు సందులోంచి ఒక చుక్క సరిగ్గా అతని ముక్కు మీద పడింది. రిబ్కా పకపకా నవ్వింది. ఏడుపు మధ్యలో వచ్చిన ఆ నవ్వు అతనికి ఇంటికి వెళ్ళాక కూడా వినబడుతూనే ఉంది.

రెండోది బిజ్లీ. దానికి చూసిన మొదటి చోటు రిబ్కా ఒప్పుకోలేదు. నీళ్ళ తొట్టి కడిగి ఎన్నాళ్ళయిందని అడిగింది, కొట్టంలో చెప్పులిప్పి ఉత్త కాళ్ళతో నిలబడి చూసింది, ఇంట్లో పిల్లలు గుర్రాన్ని ఎలా ముట్టుకుంటారో చూసింది. తల అడ్డంగా ఊపేసి టెంపో ఎక్కింది.

"మా అక్కకు సంబంధం జూసినప్పుడు మా అమ్మ గూడ గిన్ని సవాళ్లు అడగలే," అన్నాడు భూషణ్.

"మీ అక్కకు నచ్చకపోతే ఫోన్ జేసి చెప్పుకుంటది. బిజ్లీ ఎట్ల చెప్తది?"

"మరి నాకు సంబంధం జూస్తే ఏమేం చూస్తవ్?"

"ముందుగాల హారన్ తీపిస్త."

బిజ్లీ షహాపూర్‌లో ఒక ఆశ్రమ పాఠశాలకు వెళ్ళింది. గులాబి అనే చిన్న గుర్రం వసయి దిక్కున ఒక డెయిరీ వాళ్ళింటికి వెళ్ళింది. ప్రతి ప్రయాణం ఒక ఆదివారం. ఆదివారం కోసం భూషణ్ సోమవారం నుంచే ఎదురుచూసేవాడు. రిబ్కా చర్చి నుంచి తెల్ల చున్నీతో వచ్చి టెంపో ఎక్కేది. దారిలో ఆమె మాట్లాడితే వినేవాడు, మాట్లాడకపోతే ఆ నిశ్శబ్దాన్ని కూడా వినేవాడు.

గోడౌన్ ఖాళీ అవుతోంది. ఇంకా మిగిలింది చంద్రి ఒక్కటే, నాకాలో ఆగిన ఆ తెల్ల గుర్రం.

*

ముసలిది, ఒంటికన్నుది. పైగా పాత యజమాని దీన్ని ఎక్కించిన బండి బోల్తాపడి కన్ను పోయినప్పటి నుంచి ఏ బండీ ఎక్కదు. దాన్ని ఎవరడుగుతారు?

ఒకాయన ఫోన్ చేసి అడిగాడు. పడ్ఘా రోడ్డు మీద చిన్న పల్లె ఆయనది, పేరు విఠల్. మరాఠీలో నెమ్మదిగా మాట్లాడాడు. ఎద్దు చచ్చిపోయాక కొట్టం ఖాళీగా ఉందట. పొద్దున్నే ఎవరికో ఒకరికి గడ్డి వెయ్యకపోతే భార్యకు తోచడం లేదట. సవారీ అక్కర్లేదు, పని అక్కర్లేదు, ఇంటి ముందు ఒక ప్రాణి ఉంటే చాలట.

ఫోన్ పట్టుకుని భూషణ్ గోడౌన్ వైపు చూశాడు. లోపల రిబ్కా చంద్రి జూలు దువ్వుతోంది. ఇది కూడా వెళ్ళిపోతే వచ్చే ఆదివారం ఏమని రావాలి తను?

"గుర్రాన్ని ఇచ్చేసినం," అన్నాడు మరాఠీలో. ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారాలు ముళ్ళ మీద గడిచాయి. చంద్రికి గడ్డి లేక రిబ్కా భివండి రోడ్ స్టేషన్ అవతల పట్టాల పక్కన కొడవలితో కోసుకొస్తోంది. భూషణ్ కూడా మోశాడు. ఆమె అరచేతుల మీద గడ్డి కోసిన గీతలు చూసి చెప్పేద్దామనుకున్నాడు. కానీ ఒక్క వారం, ఇంకొక్క వారం అనుకున్నాడు.

ఒక సాయంత్రం తెల్లటోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకడు గేటు దగ్గరికి వచ్చి, లోపల చంద్రిని చూసి ఆశ్చర్యపోయాడు. తన పేరు విఠల్ అన్నాడు. ఇచ్చేశామని ఫోన్‌లో చెప్పారు, ఆస్పత్రి పనిమీద ఇటొచ్చాను, ఇంకేదైనా గుర్రం ఉందేమో అడుగుదామని ఆగాను అన్నాడు. రిబ్కా ఆయనకి చాయ్ తెప్పించి, చంద్రిని ఆదివారం తెచ్చిస్తానని మాట ఇచ్చి పంపింది. తర్వాత గడ్డిమోపు పక్కన నిలబడ్డ భూషణ్ వైపు తిరిగింది.

"ఎందుకు?"

అతను తల దించుకున్నాడు.

"దానికి గడ్డి లేదని నీకు ఎర్కనే గదా?"

"ఎర్కనే."

"ఎర్క ఉండి గూడ?"

"చంద్రి గూడ పోతే... నేను నీ దగ్గరికి ఎందుకు రావాలె, రిబ్కా? నా టెంపోతోని నీకు ఇంకేం పని?"

ఇంకో రోజైతే ఆ మాటకి ఆమె గుండె ఎలా కొట్టుకునేదో. ఆ రోజు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి కోపంవి.

"గా మాట నాతోని చెప్తే ఐపోతుండె. దాని కడుపు మాడ్చినవ్. ఆదివారం నేనే నడిపించుకుంట పోత. చంద్రికి నీ టెంపో అక్కర్లే. నాకు గూడ."

*

ఆదివారం తెల్లవారగానే రిబ్కా చంద్రిని బయటికి తీసింది. మబ్బు పట్టి ఉంది. గేటు అవతల భూషణ్ నిలబడి ఉన్నాడు. టెంపో లేదు. చేతిలో గొడుగు కూడా లేదు.

ఆమె చూడనట్టే నడిచింది. అతను చంద్రికి ఎడమ పక్కకు, కన్ను కనిపించని వైపుకు వెళ్ళి నడవడం మొదలుపెట్టాడు. లారీ వస్తే చెయ్యెత్తి ఆపాడు. ఆటో వస్తే మధ్యలో నిలబడ్డాడు. గుర్రానికి ఒక పక్క ఆమె, ఇంకో పక్క అతను. మధ్యలో గుర్రం ఉంది కాబట్టి ఒకరి ముఖం ఒకరికి కనిపించదు. చంద్రి కడుపు కింద నుంచి అతని చెప్పులు మాత్రం కనిపిస్తున్నాయి రిబ్కాకి.

గోడౌన్లు అయిపోయాయి. పొలాలు వచ్చాయి. వరి నాట్ల మీద పొగమంచు తెల్లగా పరుచుకుంది. వాన కూడా వచ్చింది, చప్పుడు లేకుండా. లోకమంతా నిద్రలో ఉన్నట్టు, తాము ముగ్గురే మేలుకుని నడుస్తున్నట్టు ఉంది. చంద్రి ఒక్కసారి కూడా ఆగలేదు. మధ్యమధ్యలో ఆ గుడ్డి వైపుకే తల తిప్పి, అతని భుజం వాసన చూసి, మళ్ళీ నడిచింది.

చాలా దూరం పోయాక రిబ్కా గొంతు వినిపించింది.

"కాళ్లు గుంజుతున్నయా?"

"లేదు."

"అబద్ధం."

"ఆ. మస్తు గుంజుతున్నయ్. అబద్ధాలు బంద్ జెయ్యాలె నేను."

అవతలి పక్క చిన్న నవ్వు వినిపించిందని భూషణ్ అనుకున్నాడు. వానలో సరిగా తెలియలేదు.

"తప్పయింది, రిబ్కా," అన్నాడు. "నీకు గాదు, దీనికి చెప్తున్న. నువ్వు వింటే విను."

"వింటున్న," అంది ఆమె.

విఠల్ వాళ్ళ కొట్టంలో ఎండు నేల, కడిగిన తొట్టి, నిండా పచ్చగడ్డి. ఆయన భార్య చంద్రి నుదుటికి కుంకుమ పెట్టి, ముఖం మీద చెయ్యి వేసి, చాలాసేపు అలాగే నిలబడింది. రిబ్కా చెప్పులిప్పలేదు, నీళ్ళ గురించి అడగలేదు. చంద్రి గడ్డిలో ముఖం పెట్టి తలెత్తకుండా తింటూ ఉంటే చూసి, వెనక్కి తిరిగింది.

*

ప్రభుత్వ ఎస్టీ బస్సులో వెనక సీటు దొరికింది. బట్టల నుంచి నీళ్ళు కారుతున్నాయి. కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగితే భూషణ్ జేబులో చెయ్యి పెట్టేలోగా రిబ్కా "దోన్, భివండీ" అని రెండు టికెట్లు తీసుకుంది.

బస్సు పొలాల మధ్య నుంచి కదిలింది.

"అన్నీ పోయినయ్," అంది ఆమె. "రేపు పొద్దుగాల లేసి ఎవలకు నీళ్లు పెట్టాలె నేను?"

"రిబ్కా, ఒక మాట అడుగుత. గుర్రాలు లేవు. టెంపో లేదు. ఉత్తగనే అడుగుతున్న. వచ్చే ఆదివారం నేను రావచ్చునా?"

ఆమె గడ్డి గీతలున్న అరచేతిని సీటు మీద, అతని చేతి పక్కన పెట్టింది. భూషణ్ దాన్ని మెల్లగా అందుకున్నాడు.

"మా బాపు ముందుగాల చర్చికి రమ్మంటడు," అంది.

"వస్త. మా అమ్మ ముందుగాల కొట్లాడ్తది."

"కొట్లాడనీ. గుర్రాన్నే నడిపించిన, మీ అమ్మను నడిపించనా?"

భూషణ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. ముందు సీటు ముసలామె వెనక్కి తిరిగి చూసింది. చేతులు మాత్రం విడిపోలేదు.

శాంతి నగర్ చేరేసరికి వాన వెలిసింది. రిబ్కా ఇంటి తలుపు తీసే ఉంది. యాకోబు గడపలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నిలువునా తడిసి బురదతో నిలబడ్డ ఇద్దర్నీ కిందికీ మీదికీ చూశాడు. ఆయన చూపు భూషణ్ దగ్గర ఆగింది.

"గుర్రాలన్నీ పోయినయ్ గదనే. ఇంక గీ పిలగాడు ఏం పని మీద వచ్చిండు?"

భూషణ్ నోరు తెరిచాడు. రిబ్కా అతనికంటే ముందే చెప్పింది.

"పని మీద రాలే బాపు. నా కోసం వచ్చిండు."

యాకోబు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. కూతురి ముఖంలోకి చూశాడు. తర్వాత లేచి, దండెం మీద నుంచి పొడి తువ్వాల తీసి భూషణ్ భుజాన వేశాడు.

"తల తుడ్సుకో బిడ్డా. లోపలికి రా, అన్నం తిందువు."