చేపల పడవ

పొద్దున్నే రొట్టె, ఆలివ్ కాయలు, నీళ్ళు కలిపిన ద్రాక్షసారా తెచ్చి పెట్టారు. చక్రవర్తి ఎవారిస్టోస్ ముట్టలేదు. కాన్‌స్టాంటినోపుల్ సింహాసనం పోయి, పదేళ్ల తర్వాత మళ్ళీ దక్కి ఏడాదైంది. ఈ రోజు బల్గర్ల దూతలు వస్తున్నారు. సైన్యమిచ్చి గెలిపించినందుకు వాళ్ళ రాజుకు కూతురినిస్తానని ఆయన మాటిచ్చాడు.

"పెళ్ళికూతురు ఇంకా లేవలేదా?"

"లేచింది. చూస్తే నీ ఆకలి చచ్చిపోతుంది" అంది అక్క డొమ్నికా.

థెక్లా వచ్చింది. తల మీద జుట్టు లేదు. నల్ల ముసుగు మెడ మీదికి జారి ఉంది. రాత్రే మఠం పెద్దమ్మను పిలిపించుకుని తెల్లవారగానే సన్యాసం పుచ్చుకుంది. అలాంటి పిల్లను ఎవరూ పెళ్ళాడరు.

"ఎవర్నడిగి చేశావే ఇది?"

"నిన్ను దింపినప్పుడు నీ జుట్టు ఎవర్నడిగి కత్తిరించి సన్యాసమిచ్చారు నాన్నా?"

"అది బలవంతం. అందుకే పెంచుకున్నాను, తిరిగొచ్చాను. ఇదీ చెల్లదని పెద్ద బిషప్పు చేత చెప్పిస్తాను."

"అమ్మకూ బలవంతంగానే కత్తిరించి, దీవిలో మఠంలో పెట్టారు. నువ్వు గెలిచావని తెలియగానే పెంచడం మొదలుపెట్టింది. నెరిసిపోయింది, మీ నాన్న గుర్తుపడతాడో లేదో అని నవ్వేది. రోజూ రేవుకెళ్ళి నిలబడేది."

ఎవారిస్టోస్ రొట్టె పళ్ళెం పక్కకు నెట్టాడు.

"ఆ దీవి నుంచి ఇక్కడికి ఒక్క పూట ప్రయాణం. తొమ్మిది వారాలు నువ్వు ఓడ పంపలేదు."

"ఊదా తెరచాపల ఓడ కట్టిస్తున్నాను కదే! మహారాణి చేపల పడవలో వస్తే ఊరు నవ్వదూ? పైగా శత్రువుల పని చూడాలి..."

"గుర్రప్పందేలు కూడా పెట్టించావు తమ్ముడూ" అంది డొమ్నికా. "నేనూ చప్పట్లు కొట్టాను. నా మొహం మండ."

"అమ్మ జ్వరంతో పోయింది" అంది థెక్లా. "చేపల పడవైనా చాలని చెప్పు. అదే ఆఖరి మాట."

ఏడాదిగా ఈ మాట ఆయనకెవరూ చెప్పలేదు. ఆయన అడగనూ లేదు.

థెక్లా ముసుగు కప్పుకుని వెళ్ళిపోయింది. ఎవారిస్టోస్ లేచాడు. "అక్కా, పిల్లనివ్వడం లేదని దూతలకు చెప్పు."

"సైన్యంతో వస్తారు. మళ్ళీ దింపుతారు నిన్ను."

"దింపనీ."

చక్రవర్తి మాత్రమే తొడిగే ఎర్ర చెప్పులు విప్పేసి రేవుకు నడిచాడు. దీవికి వెళ్ళే మొదటి చేపల పడవ ఎక్కాడు. వలలు తడిగా ఉన్నాయి, అంతా నీచు వాసన. దీవిలో భార్య మాక్రినా సమాధిని ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

థెక్లా అప్పటికే ఆ పడవలో ఉంది, మఠానికి వెళ్ళిపోతూ. తండ్రిని చూసి పలకరించలేదు. ఆయన ఏడుస్తున్నా ఓదార్చలేదు.

కాసేపటికి, కూర్చోడానికి చోటిచ్చి పక్కకు జరిగింది.