గంప కింద ఆట

"పాపం నానమ్మా, గంప ఎత్తెయ్యనా?" అంది క్రిస్టినా. దొడ్లో గంప కింద కొత్త కోడి గింజుకుంటోంది.

"ముట్టుకోకు," అంది నానమ్మ శౌరమ్మ. "అమ్మినావిడ మంచిదే. కోడి ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో ఎవరికి తెలుసు? తెగులుంటే మిగతావాటికీ అంటుకుంటది. నాలుగు రోజులు చూసి వదులుదాం."

నానమ్మకి అన్నీ అనుమానాలే అనుకుంటూ క్రిస్టినా లోపలికి వచ్చింది. అమ్మ బజారుకు వెళ్లింది. బడిలో ఫ్రెండు ప్రణవ్ ఇచ్చిన పెన్‌డ్రైవ్ జేబులో ఊరిస్తోంది. అందులో పడవ పందేల ఆట ఉంది.

అమ్మ జీవరత్నం ఇంట్లోనే పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేస్తుంది. ఆమె కంప్యూటర్‌లో ఒక ప్రత్యేకమైన విండో ఉంది. అందులో తెరిచిన ప్రోగ్రామ్ అందులోనే తిరుగుతుంది, బయటి ఫైళ్లను ముట్టుకోలేదు. మూసేస్తే అంతా చెరిగిపోతుంది. అమ్మ దానికి 'గంప' అనే పేరు పెట్టింది. బయటి నుంచి ఏం వచ్చినా ముందు గంపలోనే తెరవాలి.

క్రిస్టినా గంపలోనే తెరిచింది. పడవ నత్తలా కదిలింది. "ప్రణవ్ నా ఫ్రెండేగా!" అనుకుని, విసుగ్గా గంప మూసేసి బయట తెరిచింది.

పడవ దూసుకుపోయింది. కానీ ఫ్యాన్ ఎందుకంత రొద చేస్తోంది? మౌస్ ముట్టుకోకుండానే తెర మీద బాణం ఎందుకు కదిలింది? ఆట మూసినా రొద ఆగలేదు. అనుమానంతో అమ్మ చేస్తున్న చల్లపల్లి పెళ్లి ఫోల్డర్ తెరిచింది. ఫైళ్ల పేర్లన్నీ పిచ్చి అక్షరాలైపోయాయి. ఒక్క ఫొటో కూడా తెరుచుకోలేదు. ఆదివారానికి అమ్మ ఆ ఆల్బమ్ ఇచ్చేయాలి!

నోరు మూసుకుంటే కరెంటు పోయి పాడైందనుకుంటారేమో. అంతలో గేటు చప్పుడైంది.

"అమ్మా, నేనే పాడుచేశా," అంది క్రిస్టినా ఏడుస్తూ.

అమ్మ గబగబా వచ్చి స్విచ్ తీసేసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది క్రిస్టినాకి. తర్వాత బీరువాలోంచి ఫొటోల కాపీ ఉన్న హార్డ్ డిస్క్ తీసి, ఫోన్‌కి తగిలించి చూసుకుంది.

"ఫొటోలున్నాయి. వారం నుంచి చేసిన పనంతా పోయింది."

"ప్రణవ్ మంచోడే కదమ్మా?"

"మంచోడే. వాడి పెన్‌డ్రైవ్ ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో వాడికైనా తెలుసా?"

అచ్చం నానమ్మ మాటే! క్రిస్టినా తల దించుకుంది.

అమ్మ పెళ్లివారికి ఫోన్ చేసింది. "సారీ అండీ, తప్పు మాదే. ఇంకో వారం టైమివ్వండి," అని బతిమాలింది.

మర్నాడు బడిలో ప్రణవ్‌కి అంతా చెప్పింది. వాడి మొహం పాలిపోయింది. ఆ ఆట వాడికి ఇంకెవరో ఇచ్చారట. వాడింకా తెరిచి కూడా చూడలేదు.

అమ్మ కంప్యూటర్ బాగుచేయించిన రోజు సాయంత్రం ప్రణవ్ ఇంకో ఆట పట్టుకొచ్చాడు. "ఇది మా అన్నయ్య ఇచ్చాడు. ఏం కాదు," అన్నాడు.

క్రిస్టినా అమ్మను అడిగి, పక్కనే కూర్చోబెట్టుకుని, గంపలో తెరిచింది. కారు పాకుతూ కదిలింది.

"అబ్బా, ఎంత స్లోగా ఉందో! బయట తెరువు. నా మీద నమ్మకం లేదా?" అన్నాడు ప్రణవ్.

దొడ్లో గంప కింద కోడి కొక్కొక్కోమంది. క్రిస్టినా మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

"నువ్వు మంచోడివేరా," అంది. "నాలుగు రోజులు చూసి వదులుదాం."