ఊడిపోవలసిన లేబుల్

కోనసీమ మీదికి సముద్రం నడిచొచ్చి చాలా ఏళ్ళయింది. ఇప్పుడక్కడ ఇళ్ళు నీళ్ళమీద తేలుతున్నాయి. పొగమంచులో చూస్తే ఒక్కో ఇల్లూ తాడు విప్పుకుని ఎటో వెళ్ళిపోతున్నట్టే ఉంటుంది, వెళ్ళదు, ఊగుతుందంతే. అలా ఊగే ఆసుపత్రి ఒకదాని ముందు ఆ ఉదయం వకుళ పడవ దిగింది. తను కనిపెట్టిన జిగురు ఎలా పనిచేస్తోందో చూసుకోవాలని హైదరాబాదు నుంచి వచ్చింది.

ఆ జిగురు సంగతి కొంచెం చెప్పుకోవాలి. మందు సీసాల మీద లేబుల్‌ను పట్టి ఉంచే జిగురును అంటించేటప్పుడు తడపక్కర్లేదు, కాచక్కర్లేదు. వేలితో నొక్కితే చాలు. తయారుచేసేటప్పుడు అది పాలలా ఉంటుంది. పాలలో వెన్న ఉన్నట్టే, నీళ్ళలో కంటికానని పాలిమర్ బిందువులు తేలుతుంటాయి. నీరు ఆరగానే అవన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని పొరవుతాయి. ఆ పొర ఒక్కటే అయితే నిలకడ ఉంటుంది గానీ చురుకుండదు. అందుకని చెట్టుబంక లాంటి రెజిన్ కలుపుతారు. తాకీ తాకగానే పట్టుకునే గుణం దానిదే.

వకుళ చేసిన రెజిన్‌కు ఇంకో గుణం కూడా ఉంది. సీసా చల్లగా ఉన్నంతకాలం పట్టు వదలదు. మందు పాడయ్యేంత వేడి ఒక్కసారి తగిలిందా, పట్టు చచ్చిపోతుంది, లేబుల్ రాలిపోతుంది. రాలిందంటే ఆ మందు పనికిరాదన్న మాట. చదువు రానివాళ్ళకు కూడా తెలిసే భాష ఇది అని ఆమె మురిసిపోయేది.

"రండి డాక్టరుగారూ!" నర్సు కరుణమ్మ ఎదురొచ్చింది. "ఎండాకాలమంతా కరెంటు మాతో దోబూచులాడిందండి. అయినా మీ లేబుల్ ఒక్కటంటే ఒక్కటి ఊడలేదు. బంగారమండి మీ జిగురు!"

వకుళ నవ్వబోయి ఆగిపోయింది. కరెంటు పోతే మందుల పెట్టె వేడెక్కాలి. వేడెక్కితే ఊడాలి కదా?

ఆ మాట అడిగేలోపే ఒక పడవ వచ్చి ఆసుపత్రికి గుద్దుకుంది. అందులో వీర్రాజు. ఆసుపత్రి ఆయా పోలమ్మకు భర్త. కొబ్బరిచెట్టు మొవ్వులో తలదాచుకున్న త్రాచు కాటేసింది. కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దవుతోంది. పెద్దాసుపత్రి చేరేదాకా ఊపిరి నిలిచేలా లేదు. కరుణమ్మ చప్పున విషానికి విరుగుడు సీసా అందుకుంది.

"ఆగండి," అంది వకుళ. "నిజంగా ఒక్క లేబులూ ఊడలేదా?"

"ఊడకపోడమేటండి!" పోలమ్మ మొగుడి చెయ్యి వదలకుండానే అంది. "పొద్దున్నే చీపురెట్టి ఊడుత్తుంటే నేల మీద రాలిపోయుంటాయి. అచ్చరాలున్న కాయితం, కాళ్ళ కింద పడితే ఎంత తప్పు! కళ్ళకద్దుకుని, అన్నం మెతుకులు మెదిపి, బోసిగా ఉన్న సీసాలకి అంటించేత్తన్నాను. మీ సిటీ జిగురు ఉత్తదమ్మగారూ. నా మెతుకే నయం."

కరుణమ్మ ముఖం పాలిపోయింది. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఊడిందంటే ఆ మందు పాడైపోయినట్టేనే!"

"ఆ ముక్క నాకెప్పుడైనా చెప్పేరా?"

పోలమ్మ సీసాల వైపు, మొగుడి వైపు మార్చి మార్చి చూసింది. "అయితే మా ఆయనకి..."

విరుగుడు సీసాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అన్నిటికీ లేబుళ్ళు ముచ్చటగా అంటుకుని ఉన్నాయి.

"తొట్టెలో నీళ్ళు పట్టండి," అంది వకుళ. "అన్నం నానితే వదిలేస్తుంది. నా జిగురు నీళ్ళలో పుట్టిందే గానీ, ఒకసారి ఆరాక నీళ్ళ మాట వినదు."

సీసాలన్నీ తొట్టెలో మునిగాయి. ఇల్లు ఊగినప్పుడల్లా నీళ్ళూ మెల్లగా ఊగాయి. ముందు ఒక లేబుల్ అంచు లేచింది. తర్వాత ఇంకొకటి. నిద్రలోంచి లేచినట్టు ఒక్కొక్కటే పైకి వచ్చి, అక్షరాలు ఆకాశానికి చూపిస్తూ తేలాయి. ముగ్గురు ఆడవాళ్ళూ తొట్టె మీదికి వంగి చూశారు. తొట్టె అంచు దాటి కొన్ని నేల మీదికి జారాయి. చివరికి అడుగున ఒకే ఒక్క సీసా లేబుల్‌తో మిగిలింది.

కరుణమ్మ ఆ మందు ఎక్కించింది. మిగతా సీసాలను వకుళ తొట్టెలోంచి తీసి బల్ల మీద పెడుతూ ఉండిపోయింది, చూపంతా వీర్రాజు మీదే ఉంచి. బయట మంచు కరిగి ఎండ నీళ్ళమీద పరుచుకునేవేళకు అతని రెప్పలు కొంచెం లేచాయి. "దాహం," అన్నాడు. పోలమ్మ ఏడుస్తూనే నవ్వింది.

"ఇంకోటి కూడా ఉందండోయ్!" బల్ల దగ్గర కరుణమ్మ సంబరంగా సీసా ఎత్తింది. దాని లేబుల్ చెక్కుచెదరలేదు. "రెండో డోసు కూడా పడితే సాయంత్రానికి లేచి కూర్చుంటాడు." సూది మూతలోకి దిగుతోంది.

"వద్దు!" వకుళ ఆమె చెయ్యి పట్టుకుంది. "అది పాడైంది."

"అదేంటండి, నీళ్ళలో నానినా ఊడలేదుగా?"

"ఊడింది. నేల మీద పడింది. నా కాలు తగిలింది..."

"తగిలితే?"

పోలమ్మ తలెత్తి వకుళ ముఖంలోకి చూసింది.

"కళ్ళకద్దుకుని అంటించేసేరా, అమ్మగారూ?"

వకుళ తలూపింది. ఆమె కనురెప్పల మీద ఆ కాగితం తడి ఇంకా ఆరలేదు.