ఊరు దాటే వంద అడుగులు

"దిగండి! ముందా సైకిల్ దిగండి!"

రోరీ ఉలిక్కిపడి రెండు బ్రేకులూ ఒక్కసారే నొక్కేశాడు. సైకిల్ ఆగింది గానీ అతను ఆగలేదు. హ్యాండిల్ మీంచి ఎగిరి వెళ్ళి పక్కనున్న పొదలో కూలబడ్డాడు.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఓ అమ్మాయి. బురద బూట్లు, ఎర్ర స్వెట్టరు, చేతిలో ఓ రాయి. ఇంత కోపంలో కూడా ఎంత బాగుందో అనుకున్నాడు. ఆ మాట పైకి అనకపోవడం అతని అదృష్టం. రాయి ఇంకా ఆమె చేతిలోనే ఉంది మరి.

"ఈ సైకిల్ బాట వేసింది మీరేనా?"

"నేనేనండీ!" రోరీ ఆకులు దులుపుకుని గర్వంగా లేచాడు. "మూడు వేసవులు పట్టింది. శనివారమే రేసుతో ప్రారంభం. మీరూ రండి."

"వస్తాను, మూయించడానికి. ఈ రాళ్ళెక్కడివి?"

"అవా? ఇక్కడ చక్రాలు దిగబడుతుంటే పరిచానండీ. అదిగో, ఆ పొదల్లో కుప్పగా పడుంటే..."

"కుప్పా! అది రొట్టెల బట్టీ! మా తాతయ్యవాళ్ళమ్మ రొట్టెలు కాల్చిన బట్టీ. దాని మూతి ఊడబీకి బురదలో పరిచారు. ఒకవైపంతా మసి ఉంది, కళ్ళు కనిపించలేదా?"

కనిపించింది. ఎవరో చలిమంట వేసుకున్నారనుకున్నాడు. బాటలు వేసేవాడికి బల్లపరుపు రాయి దొరికితే ఇంకేమీ పట్టదు. మసివైపు కిందికీ, నున్నటివైపు పైకీ పెట్టి ముచ్చటగా పరిచేశాడు.

మార్లో క్రీక్‌లో బొగ్గుగని మూతపడి, ఊరు ఖాళీ అయి డెబ్భై ఏళ్ళవుతోంది. ఒక వీధి, కొన్ని పునాదులు, రెండు చిమ్నీలు, ఈ బట్టీ, అంతే మిగిలింది. దాన్ని కాపాడే సంఘానికి ఈ ఎర్ర స్వెట్టరు అమ్మాయి ఒర్నెల్లాయే కార్యదర్శి.

"గురువారం సాయంత్రం మీటింగ్. ఈ లోయలోకి సైకిళ్ళు రాకూడదని తీర్మానం పెడుతున్నాను. మా సంఘం కాదంటే మీ బాటకి అనుమతి రాదు, తెలుసుగా?"

"సారీ అండీ, తెలీక చేశాను."

"మీ ఇంటి మెట్లు ఎవరైనా తవ్వుకుపోయి తెలీక చేశానంటే ఊరుకుంటారా?"

రోరీ సైకిల్ లేవనెత్తుకున్నాడు. మూడు వేసవుల చెమట కళ్ళముందే కొట్టుకుపోతోంది. అయినా ఆ రాత్రి అతన్ని నిద్రపోనివ్వనిది బాట కాదు, ఆ మెట్ల మాట.

గురువారం పొద్దున్నే ఒర్నెల్లా తాతయ్య బెప్పీని వెంటబెట్టుకుని వచ్చింది. వస్తూనే కెవ్వుమంది. రోరీ తోపుడుబండి నిండా రాళ్ళు వేసుకుని పోతున్నాడు.

"మళ్ళీనా! మీకసలు సిగ్గుందా?"

"పట్టుకెళ్ళడం కాదండీ బాబూ, తెస్తున్నాను!" రోరీ చేతులు జోడించినంత పని చేశాడు. "ముప్ఫై ఒక్క రాళ్ళూ ఉన్నాయి, లెక్కెట్టుకోండి. అక్కడ పరిచిన బాటంతా తవ్వి తీసేశాను."

ఒర్నెల్లా వెనక్కి చూసింది. అంత అందమైన మలుపూ ఇప్పుడు వట్టి బురద. ఆమె నోట్లో ఉన్న తిట్టు అక్కడే ఆగిపోయింది.

"తిట్టడం అయిపోతే నాకు కుర్చీ వెయ్యవే," అన్నాడు బెప్పీ. "మసివైపు లోపలికి పెట్టరా అబ్బాయ్. మసి దట్టంగా ఉన్నవి పైకి, పల్చగా ఉన్నవి పక్కలకి. మా అమ్మ పొగ ఎటు పోయేదో ఆ రాళ్ళకి తెలుసు."

మధ్యాహ్నం దాకా బట్టీ పాత ఫోటో చూసుకుంటూ పేర్చారు. రోరీ రాయి అందిస్తాడు, ఒర్నెల్లా బంకమట్టి మెత్తుతుంది.

"ముక్కు మీద మసి అయిందండీ."

"మీ మొహమంతా అదే. నేనేమైనా అన్నానా?"

ఆమె నవ్వగా చూడడం అదే మొదటిసారి. రోరీ రాయిని తలకిందులుగా పెట్టేశాడు.

"తాతయ్యా, ఇక్కడ జనం ఆడుకోవడం నీకు కష్టంగా ఉండదా?" అడిగింది ఒర్నెల్లా.

"ఎందుకే? మేం రేకు ముక్కల మీద కూర్చుని ఈ వాలంతా జారేవాళ్ళం. మా అమ్మ రొట్టెల తెడ్డు పట్టుకుని వెంటపడేది. ఇళ్ళ ముందుకొచ్చేసరికి మాత్రం లేచి నడవాల్సిందే. ముసలాళ్ళు ఎండలో కూర్చునేవారు మరి."

ఒర్నెల్లా చేతిలో మట్టి అలాగే ఉండిపోయింది.

సాయంత్రం మీటింగ్‌లో రోరీ చిట్టచివరి కుర్చీలో బిక్కచచ్చి కూర్చున్నాడు. ఒర్నెల్లా రాసుకొచ్చిన కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టేసుకుంది.

"సైకిళ్ళు రావచ్చు," అంది. "మొదటి ఇంటి పునాది దగ్గర దిగాలి. చివరి ఇల్లు దాటేదాకా నడిపించుకుని వెళ్ళాలి. ఒక్క రాయి కూడా కదపకూడదు."

చేతులన్నీ లేచాయి. అందరికంటే ముందు లేచింది రోరీ చెయ్యి. అతనికి ఓటే లేదు!

శనివారం సన్నగా చినుకులు. రోరీ అందరికంటే ముందు దూసుకొచ్చి, మొదటి ఇంటి దగ్గర బుద్ధిగా దిగాడు. ఒర్నెల్లా గొడుగు పట్టుకుని నిలబడి ఉంది.

"రూల్ పాటిస్తారో లేదో చూద్దామని వచ్చాను."

"అయితే పక్కనే నడిచి చూడండి."

నడిచారు. ఎవరి ఇల్లు ఏదో ఆమె చెప్తోంది, అతను వింటున్నాడు. ఎంత మెల్లిగా నడిచినా ఊరు వంద అడుగులే. వెనక సైకిళ్ళన్నీ ఆగిపోయాయి.

"ఒరేయ్ రోరీ! ఇది రేసా, పెళ్ళి ఊరేగింపా?" ఎవరో అరిచారు. ఒర్నెల్లా మొహం స్వెట్టరు రంగులోకి తిరిగింది.

బట్టీ పక్కన కుర్చీలోంచి బెప్పీ అందుకున్నాడు. "మట్టి ఆరడానికి రెండు వారాలు పడుతుంది. తర్వాత ఇక్కడే రొట్టె కాలుస్తాం. రాళ్ళు మోసినవాడు రాకపోతే ఊరుకునేది లేదు. మా పక్కన కూర్చునే తినాలి."

చివరి ఇల్లూ దాటారు.

"ఇక ఎక్కొచ్చు," అంది ఒర్నెల్లా. ఆ మాట అనడం ఆమెకే ఇష్టం లేనట్టుంది.

రోరీ సైకిల్ వైపు చూశాడు, ఆమెను చూశాడు. సైకిల్‌ని వెనక్కి తిప్పాడు.

"ఎక్కడికి?"

"మొదటి ఇంటి దగ్గర ఒకటి మర్చిపోయాను."

"ఏంటది?"

"మీ చెయ్యి పట్టుకోవడం."

ఒర్నెల్లా గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఖాళీ అయిన చెయ్యి అతనివైపు చాచింది.

"సరే, పద," అంది. "ఈసారి ఇంకాస్త మెల్లిగా నడువు."